మూడో కానుక

బావ మూడో అంకం చదివి వినిపించిన సాయంత్రమే గొడవ మొదలైంది. కాకపోతే అది గొడవ అని ఆ పూట ఎవరికీ తట్టలేదు.

నాటకం మొత్తం ముందే రాసిపెట్టుకునే అలవాటు బావకి లేదు. పిల్లలతో ఆడిస్తూ, వాళ్లు ఎక్కడ నవ్వుతున్నారో ఎక్కడ ఆవులిస్తున్నారో గమనిస్తూ, కొంచెం కొంచెంగా రాసుకుపోతాడు. అదేమంటే, వండుతూ రుచి చూడొద్దా అంటాడు. ఆ రుచి చూడటంలోనే ఏదో ఒకరోజు నాలుక కాలుతుందని పిన్ని అంటూనే ఉండేది.

పిన్ని అంటే బావకి మరదలు, చనిపోయిన భార్యకి చెల్లెలు. అక్కాబావలు పెట్టిన ఆ పిల్లల నాటక సమాజంలో కత్తులూ కిరీటాలూ పక్షి తలకాయలూ చేసేది ఆవిడే. పిల్లలందరూ పిన్నీ అని పిలుస్తుంటే, వాళ్ల తల్లిదండ్రులు కూడా పిన్నిగారూ అనడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఇంటికి గ్యాసు బండ తెచ్చేవాడు కూడా అదే పిలుపు.

ఈసారి నాటకంలో ముగ్గురు పిల్లలు, ఊళ్లో గొంతులన్నీ మింగేసిన రాకాసిని వెతుక్కుంటూ బయల్దేరతారు. దారిలో ఒక అవ్వ ఎదురై తలా ఒక మాయ కానుక ఇస్తుంది. పెద్దవాడికి ఎంత లాగినా తెగని తాడు. నడిమిదానికి ఏ గాలికీ ఆరని దీపం. చిన్నదానికి మూత ఉన్న ఒక భరిణె. మూత తీస్తే అందులో ఏమీ ఉండదు. తాడుతో లోయ దాటతారు, దీపంతో గుహ దాటతారు, భరిణెని చూసి దారిపొడుగునా అందరూ నవ్వుతారు. బావ అప్పటిదాకా రాసింది అంతే.

పాత్రలు పంచిన రోజు పిల్లల తల్లిదండ్రులను కూర్చోబెట్టి ఆయన గొప్పగా ఉపన్యాసం ఇచ్చాడు. మాయ కానుకలు కథల్లో ఊరికే రావన్నాడు. ఇచ్చేవాళ్లు ఆ పిల్లల్లో ఏం చూశారో అదే వస్తువు రూపంలో వాళ్ల చేతికొస్తుందన్నాడు. తాడంటే ధైర్యం, దీపమంటే తెలివి. మరి భరిణె అంటే ఏమిటని ఎవరో అడిగితే, అప్పటికి తనకే తెలియదు గనక, అది హాస్యమని నవ్వేశాడు. ముందు వరసలో కూర్చున్న ప్రిన్సిపాల్ మేడం కూడా నవ్వారు. దీపం వచ్చింది వాళ్ల మనవరాలికి. నోరు మూతపడని పిల్ల గనక దాన్ని అందరూ చిలక అనేవాళ్లు. నాటకం ఆడబోయే హాలు మేడం గారి బడిది.

భరిణె కరెంటాయన కూతురికి వచ్చింది. నాటకాలకి లైట్లు వేసేది ఆయనే. ఆ పిల్ల ఏ మాటైనా ఒక్క క్షణం ఆలోచించుకుని గానీ పైకి అనదు, అందుకని పిల్లలు తాబేలు అని పేరు పెట్టారు. పిలిస్తే పలికేది కూడా ఆ పేరుకే.

ఆ సాయంత్రం బావ చదివాడు. రాకాసి ముందు తాడు లాక్కుంటుంది. తర్వాత దీపం లాక్కుంటుంది. చివరికి, ఆ భరిణెలో ఏం దాచావని చిన్నదాన్ని అడుగుతుంది. ఏమీ లేదని అది ఉన్నమాటే చెబుతుంది. ఎంత మింగినా కడుపు నిండని ఆ రాకాసికి, ఏమీ లేకుండా ఒకటి ఉంటుందంటే నమ్మకం కలగదు. అబద్ధమంటూ వెతకడానికి లోపలికి దూరుతుంది. చిన్నది మూత పెట్టేస్తుంది. ఊరి గొంతులన్నీ తిరిగొస్తాయి.

చదవడం పూర్తవగానే పొడుగోడు, అంటే తాడు పట్టుకునే కుర్రాడు, తాబేలు వీపు మీద ఒక్కటి చరిచాడు. అందరూ దాని చుట్టూ మూగారు. తాబేలు భరిణెని రెండు చేతులతో పట్టుకుని, మూత కొంచెం ఎత్తి మళ్లీ పెట్టేసింది. ముఖంలో నవ్వు మాత్రం ఇంటికి వెళ్లేదాకా చెరగలేదు. పిన్ని అది చూసి ఎంత సంతోషపడిందో చెప్పలేం. బావ ఇన్నేళ్లలో రాసినవాటిలో ఇదే మంచిదని ఆయన ముఖం మీదే అంది, అది మామూలుగా జరిగే పని కాదు.

మర్నాడు పొద్దున పిన్ని వెనక గదిలో రాకాసి పళ్లు చేస్తూ ఉంది. పాత పోస్టర్లు నానబెట్టి, చేత్తో పిసికి, పిప్పి పిండి, అందులో మైదా జిగురు కలుపుతోంది. పురుగు పట్టకుండా జిగురులో చిటికెడు మైలుతుత్తం వేస్తుంది. ఆ నీలం రంగు ఆవిడ గోళ్ల సందుల్లో ఎప్పుడూ ఉండేదే. బావ వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. లోపలికి రాకుండా నిలబడ్డాడంటే ఏదో అడగరానిది అడగబోతున్నాడని పిన్నికి తెలుసు.

అసలు సంగతి చెప్పడానికి ఆయన చాలాసేపు నసిగాడు. రాత్రి మేడం గారి నుంచి ఫోను వచ్చింది. చిలక ఇంటికెళ్లి కథ మొత్తం పూసగుచ్చినట్టు చెప్పింది. దీపం లాగేసుకుంటే మూల కూర్చుని ఏడ్చే పాత్ర తన మనవరాలికి, రాకాసిని పట్టే పాత్ర ఇంకెవరికో ఏమిటని మేడం అడిగారట. తెలివంటే అంతేనా అని కూడా అడిగారట. అలా అయితే హాలు సంగతి కమిటీతో మరోసారి మాట్లాడాల్సి ఉంటుందన్నారట. అంత మర్యాదగా ఎవరూ ఎవరినీ బెదిరించి ఉండరు.

పిన్ని పిసకడం ఆపకుండా, కుదరదని చెప్పేయమంది. చేతికిచ్చిన వస్తువు వెనక్కి తీసుకోకూడదన్నది అక్క పెట్టిన పద్ధతి. మొదటి రోజే వస్తువు పిల్ల చేతికి ఇస్తారు. ఆ రోజు నుంచి అది ఆ పిల్లతోనే ఇంటికి వెళ్తుంది, ఆ పిల్లతోనే రిహార్సలుకి వస్తుంది. వస్తువు ఎవరిదైతే పాత్ర వాళ్లది. జ్వరమొచ్చి మంచాన పడ్డ పిల్లవాడి కిరీటాన్ని కూడా అక్క ఇంకొకరి నెత్తిన పెట్టనివ్వలేదు. ఆ సంగతి బావకి ఒకరు గుర్తుచేయాల్సిన పని లేదు.

"హాలు లేకపోతే నాటకమే లేదు," అన్నాడు బావ. "మిగతా పిల్లలందరి గతేమిటి? వాళ్ల ముఖాలు ఎవరు చూస్తారు?"

"ఆ మాటే వెళ్లి తాబేలుతో చెప్పు."

"నేను చెబితే ఏడుస్తుంది. నువ్వడిగితే మారు మాట్లాడకుండా ఇచ్చేస్తుంది. మూత సరిగ్గా పడట్లేదను, బాగుచేసి ఇస్తానను. తర్వాత సంగతి నేను చూసుకుంటాను."

పిన్ని చేతిలోని ముద్దని బల్ల మీద గట్టిగా వేసింది. తలతిక్క అంటే ఇదేనంది. భరిణె అంటే హాస్యమని మీటింగులో కోతలు కోసినందుకు ఈ శాస్తి కావాల్సిందే, కానీ అది పిల్ల ఎందుకు పడాలంది. బావ ఏదీ కాదనలేదు. తల దించుకుని అన్నీ విన్నాడు. దెబ్బలాడే మనిషితో దెబ్బలాడొచ్చు గానీ, అన్నిటికీ తలూపే మనిషితో ఏం చేయాలో ఆవిడకి ఎప్పుడూ తెలియదు. ఇన్నేళ్లుగా ఆ ఇంట్లోనూ ఆ సమాజంలోనూ ఎవరికీ కాదని చెప్పి ఎరగదు. మిగతా పిల్లల ముఖాలు కళ్ల ముందు తిరిగాయి. చివరికి తనని తానే తిట్టుకుంటూ సరేనంది.

సాయంత్రం రిహార్సలు మొదలుకాక ముందే తాబేలుని వెనక గదిలోకి పిలిచింది. తాబేలు గుడ్డసంచీలోంచి భరిణె తీసింది. దాన్ని పాత తువ్వాలులో చుట్టి తెస్తుంది. రంగు ఎక్కడా గీసుకుపోలేదు. పొడుగోడి తాడు అప్పటికే రెండుచోట్ల పీచు లేచింది, దీపం అద్దాల్లో ఒకటి ఊడి వచ్చింది. ఇది మాత్రం చేసిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది.

మూత సరిగ్గా పడటం లేదమ్మా, చూసి ఇస్తాను అంది పిన్ని. చెబుతూ పిల్ల కళ్లలోకి చూడలేక, జిగురు గిన్నె మీద మూత సర్దుతున్నట్టు నటించింది.

తాబేలు భరిణె వైపు చూసింది. తర్వాత పిన్ని వైపు చూసింది. దాని అలవాటు ప్రకారం కాసేపు ఆగింది. తర్వాత భరిణెని తువ్వాలుతో సహా ఆవిడ చేతిలో పెట్టింది.

"లోపల ఏమీ పెట్టకు పిన్నీ," అంది. "నేను ఇంతవరకు ఒక్కసారి కూడా ఏమీ పెట్టలేదు."

పిల్ల వెళ్లాక పిన్ని మూత తీసింది. ఇన్నేళ్ల పనిలో ఆవిడ ఏ పెట్టెకీ లోపల నునుపు పెట్టి ఎరగదు. చూసేవాళ్లకి కనిపించేది పైభాగమే. అందుకని పైన సుద్ద పూత, రంగు, వార్నీషు. లోపల మాత్రం కాగితం ముక్కలు ఎలా అతికితే అలా, జిగురు ఎక్కడ గడ్డకడితే అక్కడ వదిలేస్తుంది. ఈ రంగంలో ఉన్నవాళ్లందరూ చేసేది అదే. భరిణెకీ అలాగే చేసింది.

ఇప్పుడు లోపల గడ్డలు లేవు. ఎవరో చెంచా అంచుతో ఓపిగ్గా గీకి, గరుకు కాగితంతో రుద్ది రుద్ది నునుపు చేశారు. పాత పోస్టరు అక్షరాలు అక్కడక్కడ కనబడుతున్నాయి గానీ, వేలు పెట్టి తిప్పితే ఎక్కడా తగలడం లేదు. ఖాళీ భరిణె అంటే నిజంగా ఖాళీగా ఉండాలని, అందులో జిగురు గడ్డ కూడా ఉండకూడదని ఆ పిల్ల అనుకుంది. పిన్ని బల్ల ముందు కూలబడి ఏడ్చింది. సిగ్గుతో వచ్చిన ఏడుపు అది, దానికి వేరే పేరు లేదు.

మర్నాడు బావ పిల్లలందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి మార్పు చెప్పాడు. మాట తీరు చూసి పాత్రలు కాస్త అటూ ఇటూ చేస్తున్నానన్నాడు. తాబేలు మాట మాటకీ ఆగుతుంది గనక చివరి అంకం నీరసపడుతుందన్నాడు. నిన్నటిదాకా ఆ ఆగడమే బాగుందన్న మనిషి ఆయన. చిలక చేతిలో భరిణె పెట్టారు, తాబేలు చేతిలో దీపం పెట్టారు. పొడుగోడు లేచి, అలా మార్చకూడదు కదా సార్ అన్నాడు. బావకి వినబడనట్టే ఉంది.

ఒక విషయం మాత్రం ఒప్పుకోవాలి, చిలక బాగానే చేసింది. మాటలు గడగడా అప్పజెప్పింది, రాకాసి ముందు తల ఎగరేసి నిలబడింది. అది బాగా చేయకపోయి ఉంటే పిన్ని ఆ వంక పెట్టుకుని అయినా గొడవపెట్టుకునేది. ఆ దారి కూడా మూసుకుపోయింది. తాబేలు దీపం పట్టుకుని తన కొత్త మాటలు తప్పులేకుండా చెప్పింది, ఏడవాల్సిన చోట మూల కూర్చుని ఏడుపు నటించింది. మిగతా సమయంలో ఏడవలేదు. బావ అది చూసి, చూశావా పిల్లలు ఎంత తేలిగ్గా సర్దుకుంటారో అన్నాడు. ఆయన్ని రాకాసి నోట్లో పెట్టి పళ్లు మూసేయాలనిపించింది పిన్నికి.

కరెంటాయనకి నిజం చెప్పేద్దామని రెండు రోజులు పోయాక ఒక మధ్యాహ్నం ఆవిడ హాలుకి వెళ్లింది. ఆయన నిచ్చెన చివర నిలబడి లైటుకి పసుపు కాగితం బిగిస్తున్నాడు. మీ అమ్మాయి సంగతి మాట్లాడాలని కింద నుంచే అంది. ఆయన నోట్లో పట్టుకున్న స్క్రూ తీసి జేబులో వేసుకుని, చాలా సంతోషమండీ పిన్నిగారూ అన్నాడు. ఆవిడకి అర్థం కాలేదు.

"దీపం కావాలని తనే అడిగిందట కదా. ఇంటికొచ్చి చెప్పింది. లైట్లవాడి కూతురికి దీపమే ఉండాలి నాన్నా, అందుకే మార్పించుకున్నా అంది. ఇదిగో, దాని మీద పడటానికే ఈ పసుపు వెలుగు పెడుతున్నా."

ఆయన ముఖం వెలిగిపోతోంది. తొమ్మిదేళ్ల పిల్ల పెద్దవాళ్లందరి పరువూ ఒక్క అబద్ధంతో కాపాడింది. ఇప్పుడు నిజం చెబితే ఆ నిచ్చెన మీది మనిషి సంతోషం పోతుంది, చెప్పకపోతే పిల్ల అబద్ధం అలాగే ఉండిపోతుంది. జాగ్రత్తగా దిగండి అని మాత్రం అని పిన్ని తిరిగొచ్చేసింది.

తిరిగొచ్చేసరికి చిలక వెనక గదిలో పీట మీద కూర్చుని ఉంది. ఒళ్లో భరిణె. ఎప్పుడూ గుమ్మంలోకి రాకముందే మాట వినిపించే పిల్ల, ఇప్పుడు కాళ్లు ఊపుకుంటూ ఊరికే కూర్చుంది. ఏం కావాలని పిన్ని కాస్త కటువుగానే అడిగింది. పిల్ల మీద చూపించాల్సిన కోపం కాదని తెలిసినా ఆపుకోలేకపోయింది.

"నేను అడగలేదు పిన్నీ. అమ్మమ్మ అడిగింది."

"సరేలే."

"తాబేలు నాతో మామూలుగానే మాట్లాడుతోంది. మాటలు ఎక్కడ తప్పుతున్నానో కూడా చెబుతోంది. తిట్టినా బాగుండేది." భరిణె మూత మీద వేలు రాస్తూ, "నా దీపం ఎక్కడ పెడుతోంది పిన్నీ ఇంట్లో?" అంది.

తెలియదంది పిన్ని. ఈ పిల్ల కూడా తనంతట తాను దేనికీ చేయి చాచలేదని ఆవిడకి అప్పుడు తట్టింది. చాచినవి పెద్దల చేతులే, అందులో ఒకటి తనది. చిలక జడ రిబ్బను ఊడిపోతే మళ్లీ కట్టి పంపించింది. అంతకుమించి ఏం చేయాలో తోచలేదు.

నాటకం రోజు హాలు నిండిపోయింది. తెర వెనక పిల్లల గోల ఆకాశాన్ని అంటుతోంది. ఒకడికి తోక దొరకడం లేదు, ఒకదానికి కడుపు నొప్పి, పొడుగోడికి పాంటు పొట్టి. పిన్ని అప్పటికే అవ్వ వేషంలో ఉంది. కానుకలిచ్చే పాత్ర, అవ్వ గానీ తాత గానీ, ఎప్పుడూ ఆవిడదే. ఉండేది ఒకే ఒక్క రంగం, మహా అయితే నాలుగు మాటలు. చేసిన మనిషే చేతికివ్వాలన్నదీ అక్క పెట్టిన పద్ధతే.

తాబేలుకి బుగ్గలకి రంగు వేస్తూ, ఇక దాచుకోలేక చెప్పేసింది.

"మూత బాగానే ఉందమ్మా. నీకు అబద్ధం చెప్పాను."

తాబేలు అద్దంలోంచే ఆవిడ వైపు చూసింది. "తెలుసు," అంది. "రోజూ వేసి తీసేదాన్ని కదా."

"తెలిస్తే మరి ఎందుకిచ్చావు?"

ఈసారి తాబేలు ఎక్కువసేపు ఆలోచించలేదు. "నువ్వడిగావు కదా," అంది. అని, రెండో బుగ్గ ఇటు తిప్పింది.

పిన్ని వేసిన రంగు చెవి దాకా పోయింది. గుడ్డతో తుడిచి మళ్లీ వేసింది. బయట బావ మేడం గారిని ముందు వరసలోకి తీసుకొచ్చి కూర్చోబెడుతున్నాడు. లోపలికొచ్చి, అంతా సిద్ధమేనా, మూటలో వస్తువులు వరసగా పెట్టుకున్నావా అని అడిగాడు. తాడు పొడుగోడికి, దీపం తాబేలుకి, భరిణె చిలకకి అని మరోసారి చెప్పాడు. పిన్ని తలూపింది. ఆ క్షణం వరకు ఆవిడ మనసులో వేరే ఆలోచన ఏదీ లేదు. చెప్పింది చేసి, రేపటి రెండో ఆట కూడా అయ్యాక ఈ సమాజానికి ఒక దండం పెట్టి వెళ్లిపోదామని మాత్రం అనుకుంది.

తెర లేచింది. ముగ్గురు పిల్లలూ అడవి దారిలో నడుస్తూ వచ్చారు. అవ్వ మూట మోసుకుంటూ ఎదురైంది. దూరం వెళ్తున్నారు, వట్టి చేతులతో వెళ్లకండి అన్నది మొదటి మాట. అది చెప్పింది. మూట దించి ముడి విప్పింది. తాడు మీద చేయి వేసి పొడుగోడి వైపు చూసింది. వాడి వెనక తాబేలు నిలబడి ఉంది. దీపం కోసం చేయి చాచడానికి సిద్ధంగా, ఏ మాత్రం తొందర లేకుండా నిలబడి ఉంది. ఈ చేతులతో ఇంకోసారి ఆ పని చేయలేనని పిన్నికి ఖాయంగా తెలిసిపోయింది. అలాగని భరిణె దానికిచ్చే ధైర్యమూ లేదు, అవతల హాలు, మేడం, అందరు పిల్లలు.

మూట గుడ్డని నేల మీద పరిచింది. తాడు, దీపం, భరిణె, మూడూ పక్కపక్కనే పెట్టింది. పెట్టి, రెండడుగులు వెనక్కి వేసింది.

"తీసుకోండి," అంది. "ఎవరిది వాళ్లు తీసుకోండి."

నాటకంలో ఆ మాట లేదు. తెర పక్క నుంచి బావ బుసకొట్టినట్టు ఏదో అన్నాడు. ఆవిడ అటు చూడలేదు.

పొడుగోడు తడుముకోలేదు. వంగి తాడు తీసుకుని భుజాన వేసుకున్నాడు. తాబేలు కదల్లేదు. కదలదు, తనది ఏదో తనకి చెప్పేశారు కదా. చిలక ముందు వరస వైపు ఒక్కసారి చూసి, గబగబా వచ్చి భరిణె తీసేసుకుంది. పిల్లల మీద భారం వేసి తాను తప్పుకుందామనుకుంది పిన్ని, తగిన శాస్తే జరిగింది. అంతకంటే పిరికి పని ఇంకోటి ఉండదని ఆ వేదిక నడిమధ్య నిలబడి తనని తానే తిట్టుకుంది.

చిలక మూత తీసి లోపలికి చూసింది. "ఇందులో ఏమీ లేదే అవ్వా," అంది. అది నాటకంలో మాటే. దానికి జవాబుగా, అవును ఏమీ లేదు అని చెప్పి అవ్వ వెళ్లిపోవాలి. పిన్ని ఆ మాట చిలకతో అనలేకపోయింది.

చిలక జవాబు కోసం చూసింది. రాలేదు. మళ్లీ భరిణెలోకి చూసింది, వేలు పెట్టి లోపల ఒకసారి తిప్పింది. హాల్లో ఎవరో దగ్గారు. చిలక మూత పెట్టి, తిన్నగా తాబేలు దగ్గరికి నడిచింది. భరిణెని దాని చేతుల్లో పెట్టి, వేళ్లు దాని చుట్టూ తానే మడిచింది.

"ఇది నీది," అంది. గుసగుసగా అందామనుకుంది గానీ, దాని గొంతుకి గుసగుస చేతకాదు. చివరి కుర్చీ దాకా వినబడింది. "నాది అది."

వెళ్లి దీపం తీసుకుని గుండెకి హత్తుకుంది. దీపం పిల్ల మీద పడాల్సిన పసుపు వెలుగు ఎటు తిప్పాలో తెలియక, వెనక నుంచి కరెంటాయన దాన్ని ఇద్దరి మీదా పరిచాడు. హాలంతా చప్పట్లు కొట్టింది. నాటకంలో రాసిందే అనుకున్నారు అందరూ. ముందు వరసలో ఒకావిడ మేడం వైపు వంగి, ఎంత మంచి బుద్ధులు నేర్పారండీ అంది. మేడం ఆవిడ వైపు చూశారు, వేదిక వైపు చూశారు. కాసేపటికి తాను కూడా చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు.

తాబేలు చప్పట్లు ఆగేదాకా ఆగింది. మూత తీసి చూసి, "ఇందులో ఏమీ లేదే అవ్వా," అంది.

"అవును తల్లీ, ఏమీ లేదు," అంది పిన్ని. ఖాళీ మూటగుడ్డ భుజాన వేసుకుని తెర పక్కకి వచ్చేసింది.

తిట్లు తప్పవనుకుంది. బావ ముఖం చూస్తే వెలిగిపోతోంది. ఆయన చేతిలో నాటకం కాగితాలు, చెవి మీద ఉండే పెన్సిలు ఇప్పుడు వేళ్ల మధ్య ఉంది. మేడం చప్పట్లు కొట్టారు చూశావా అన్నాడు. మొత్తం నాటకంలో ఇలాంటి రంగం తనకి తట్టనేలేదన్నాడు. పాత్రలు పాతవే ఉంచేద్దాం, రేపటి ఆటకి ఈ ముక్క ఉండి తీరాలి, చిలక భరిణె తీసుకోవడం, ఆగడం, వెళ్లి ఇవ్వడం, అంతా ఇప్పుడే రాసేస్తానన్నాడు. నిన్నటిదాకా జరిగినదంతా ఆయన బుర్రలోంచి అప్పుడే ఎగిరిపోయింది. ఎవరికీ అన్యాయం చేయని మనిషిలా కాగితం మోకాలి మీద పెట్టుకున్నాడు.

పిన్ని ఆ కాగితం మీద చేయి పెట్టింది.

"రాయకు బావా," అంది. "రాస్తే అది నువ్విచ్చినట్టవుతుంది."

"రాయకపోతే ఎలా? రేపు ఆ పిల్ల ఇవ్వకపోతే?"

ఆ భయం ఆవిడకీ ఉంది, ఆయనకంటే ఎక్కువే ఉంది. అయినా చేయి తీయలేదు. రేపూ మూడూ కిందే పెడతానంది. కాదంటే అవ్వ వేషానికి ఇంకొకర్ని చూసుకోమంది. ఇన్నేళ్లలో ఆయనకి కాదని చెప్పడం ఇదే మొదలు, చెప్పాక చూస్తే అది అంత కష్టమైన మాటేమీ కాదు.

వేదిక మీద దారిన పోయేవాళ్లు తాబేలు భరిణెని చూసి విరగబడి నవ్వుతున్నారు. హాల్లో వాళ్లు కూడా నవ్వుతున్నారు. ఇంకా రెండు అంకాలు ఆ నవ్వు పడాల్సింది ఆ పిల్లే, పక్కకి పిలిచి ఓదార్చడానికి అవ్వకి ఇక రంగం లేదు. బావ పెన్సిలు మళ్లీ చెవి మీద పెట్టుకున్నాడు. తాబేలు భరిణెని పొట్టకి ఆనించుకుని, నవ్వు పూర్తిగా అయిపోయేదాకా నిలబడి, తర్వాత తన మాట తాను చెప్పింది.